పిలుపు పందెం

పాత షటిల్ బ్యాట్ల కాడలు నేలలో పాతి, వాటి మీద అడ్డంగా సన్నటి వెదురు పుల్లలు పెట్టి, తీగలక్క రెండడుగులు వెనక్కి వేసి చూసింది. ఎత్తు ఎక్కువైంది. దంతవైద్యుడి కుక్కకి అది గడపతో సమానం, చివరింటి కుందేలుకి మాత్రం కోటగోడ. మళ్ళీ వంగి ఒక్కో కాడనీ బెత్తెడు లోతుకి దిగగొట్టింది. ఆవిడ తవ్విన ప్రతి గుంటలోనూ ఇంటి కుక్క బొంగరం ముక్కు పెట్టి, మట్టి పీల్చి, తుమ్మి, పక్క గుంటకి పోతోంది. సంతోషం పట్టలేనప్పుడు తన తోకని తనే పట్టుకోబోతూ గిర్రున తిరుగుతుంది కనక ఆ కుక్కకి ఆ పేరు.

ఆవిడ పేరు కూడా అలా వచ్చిందే. ఆటసామాన్ల షాపులో బ్యాట్లకి గట్టింగు చేస్తుంది. తెగిన తీగలు లాగి పారేసి కొత్తవి బిగించి ఇస్తుంది. అక్కడికొచ్చే ఆటగాళ్ళు పెట్టిన పేరు మెల్లిగా వీధిలోకి కూడా పాకింది. ఇంట్లో మాత్రం తమ్ముడికి అక్క, మరదలికి వదిన.

మరదలు పెరటి గుమ్మంలో కూర్చుని కుక్కలకి వేయాల్సిన చిన్న చిన్న బనియన్ల వెనక అంకెలు కుడుతోంది. దారం పంటితో తెంపి, తల ఎత్తకుండానే అడిగింది.

"వదినా, ఆదివారం మీ షాపు తెరుస్తారా?"

"ఆదివారం ఎప్పుడైనా తెరిచారా?"

"పోటీల కాలం కదా. ఒకవేళ తెరుస్తారేమోనని."

"తెరిచినా నేను వెళ్ళను. ఇక్కడ ఇంత పని పెట్టుకుని!"

మరదలు సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. కొసని నోట్లో తడిపి మళ్ళీ ప్రయత్నించింది. ఈసారీ ఎక్కలేదు. "ఎండకి కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి" అంటూ బనియన్లన్నీ ఒళ్ళో వేసుకుని లోపలికి పోయింది.

ఆదివారం సాయంత్రం ఆ పెరట్లో వేసవి ఆటల పోటీలు. మనుషులకి కాదు. వీధిలో ఉన్న అయిదారు కుక్కలకీ, ఒక కుందేలుకీ, ఇష్టముంటే పంజరంలోంచి వ్యాఖ్యానం చెప్పడానికి ఒక చిలకకీ. కిందటిసారి దంతవైద్యుడింట్లో జరిగింది, ఈసారి వీళ్ళ వంతు. ఆటలన్నీ తీగలక్క ఆలోచించినవే. పుల్లలు దాటే పరుగు, బంతిని ముక్కుతో నెట్టుకెళ్ళడం, నీళ్ళ తొట్టిలో దూకడం. చివర్న అన్నిటికంటే గొప్పది, పిలుపు పందెం. పెరటి ఆ కొసన ఒకరు జంతువుని పట్టుకుంటారు. ఈ కొసన యజమాని నిలబడి పిలవాలి. దారిలో మాంసం ముక్కలూ బంతులూ చెల్లాచెదురుగా పడి ఉంటాయి. వాటి వేపు చూడకుండా ఎవరి ప్రాణి నేరుగా యజమాని దగ్గరికి వస్తే వాళ్ళది గెలుపు. చేతిలో తిండి ఉండకూడదు.

సాయంత్రం తమ్ముడు బస్సు డిపోలో పని ముగించుకుని వచ్చాడు. చొక్కా కూడా మార్చుకోకుండా తిన్నగా పెరట్లోకొచ్చాడంటే ఏదో ఉందన్నమాటే.

"అక్కా, ఒక మాట. కోపం తెచ్చుకోకు."

"కోపం వచ్చే మాటైతే చెప్పడం ఎందుకురా?"

తమ్ముడు కాలితో ఒక వెదురు పుల్లని సరిచేశాడు. సరిగ్గా ఉన్నదాన్ని వంకర చేశాడు. "ఆదివారం ఆ పందెం అయ్యేదాకా నువ్వు కాస్త... ఎక్కడికైనా వెళ్తావా?"

"ఎక్కడికి?"

"సినిమాకో, ఎవరింటికో. రెండు గంటల్లో అయిపోతుంది. నువ్వు పెరట్లో ఉంటే బొంగరంగాడు ఇంకొకరి మొహం చూడడు. కిందటిసారి ఏమైందో నీకూ తెలుసుగా."

తెలుసు. దంతవైద్యుడింట్లో మరదలు పేరు పెట్టి పిలిచింది, చిటికెలు వేసింది, బతిమాలింది. బొంగరం ఆమెని దాటుకుంటూ వచ్చి తీగలక్క కాళ్ళ మధ్య దూరింది. "ఏమండీ, మీ కుక్క మీ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిందా?" అని దంతవైద్యుడి భార్య అంటే అందరూ ఫక్కున నవ్వారు. తీగలక్క కూడా నవ్వింది. తను అందరికంటే ఎక్కువసేపు నవ్వినట్టు ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఇంకోసారి అలా జరిగితే మీ మరదలు మంచమెక్కుతుందక్కా."

"సరేలే. అదెంత పని" అంది తీగలక్క.

తమ్ముడు బతికిపోయినట్టు లోపలికి వెళ్ళాడు. ఆవిడ రాయి తీసుకుని మిగిలిన కాడ మీద కొట్టింది. రెండో దెబ్బకే అది నిలువునా చీలింది. పోటీ నాది, పుల్లలు నావి, చెమట నాది, పొద్దున్నే లేచి బొంగరానికి పేలు తీసేదీ నేనే, తీరా ఆట వేళకి నేను మాత్రం వీధిలో ఉండాలి. అరికాలి మంట నెత్తికెక్కింది. బొంగరం వచ్చి ఆవిడ మోచేతిని నాకింది. "నువ్వు చెప్పరా" అంది దానితో. అది తుమ్మింది.

*

మర్నాడు షాపులో చేతులు మాట వినలేదు.

గట్టింగు పని చేతులకి అలవాటైతే మనసుతో పనిలేదు. బ్యాటుని యంత్రానికి బిగించి, ముందు నిలువు తీగలన్నీ లాగి కట్టాలి, తరవాత అడ్డ తీగల్ని ఒకదాని మీదుగా, ఒకదాని కిందుగా నేసుకుంటూ పోవాలి. నేతగాడి మగ్గంలో పడుగూ పేకా లాగే. ఎన్నో ఏళ్ళుగా ఆ పని చేస్తూ ఆవిడ వీధిలో పోయేవాళ్ళని చూస్తుంది, కబుర్లు చెబుతుంది. ఆ రోజు మాత్రం ఒక తీగ పైనుంచి పోవలసింది కిందనుంచి పోయింది. విప్పి మళ్ళీ నేసింది. ఇంకో బ్యాటుకి మీట ఎక్కువ లాగింది. తీగ 'టప్'మని తెగి చెంప మీద కొరడాలా తగిలింది.

షాపు యజమాని చదువుతున్న పేపరు దించాడు. ఒకప్పుడు ఆట నేర్పేవాడు, ఇప్పటికీ అందరికీ కోచ్‌గారే.

"ఏమ్మా, తీగ తెగిందా?"

"పాత సరుకండీ."

"నిన్ననే కదా పెట్టె విప్పాం" అన్నాడాయన. చెంప మీద ఎర్రటి గీత చూసి ఇంక సరుకు సంగతి ఎత్తలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. "ఊరవతల స్టేడియంలో కొత్త షాపు గురించి ఏమాలోచించావు? పిల్లలు తెల్లారేసరికి ఆటకొస్తారు. అక్కడే ఉండే మనిషి కావాలి. పైన గది కట్టించాను. షాపంతా నీ చేతుల్లోనే ఉంటుంది, నేను వారానికోసారి వచ్చి కుర్చీలో కూర్చుని పోతాను."

"చెప్పానుగా కోచ్‌గారూ. బొంగరాన్ని వదిలి రాలేను."

"దాన్నీ తెచ్చుకో."

"వాళ్ళ కుక్కండీ."

"వాళ్ళదైతే వాళ్ళే చూసుకుంటారు."

"ఏం చూసుకుంటారు! నేను గిన్నె పెడితేగాని ముట్టదు. నేను సాయంత్రం ఇల్లు చేరేదాకా గేటు దగ్గర కళ్ళల్లో ఒత్తులు వేసుకుని కూర్చుంటుంది. నేను లేకపోతే నాలుగు రోజుల్లో చిక్కి శల్యమైపోతుంది."

కోచ్‌గారు మళ్ళీ పేపరు ఎత్తుకున్నాడు. "వచ్చే వారం ఎవరో ఒకరికి తాళాలు ఇచ్చేయాలమ్మా" అన్నాడు పేపరు వెనకనుంచి.

ఆవిడ తెగిన తీగ ముక్కని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ, మళ్ళీ చుట్టుకుంటూ ఉండిపోయింది. బయట తారు మెత్తబడేంత ఎండ. పంకా తిరుగుతున్నా గాలి లేదు. మామూలుగా అయితే సాయంత్రం ఎప్పుడవుతుందా, ఇల్లు ఎప్పుడు చేరతానా అని ఉండేది. ఇవాళ ఇల్లంటేనే ఒళ్ళు మండుతోంది, షాపంటేనూ మండుతోంది. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

శనివారం కూడా అదే వరస. సాయంత్రం కొళాయి దగ్గర బొంగరానికి స్నానం చేయిస్తూ, దాని చెవిలో నెమ్మదిగా అంది. "రేపు పిలిస్తే వెళ్తావా? వెళ్ళవుగా?" అది ఒళ్ళు విదిలించి ఆవిడని నిలువెల్లా తడిపేసింది. సబ్బు నురగ కంట్లో పడింది. కళ్ళు నలుపుకుంటుంటే ఆ ఆలోచన వచ్చింది. వచ్చినప్పుడు అది ఆలోచనలా లేదు, కంట్లో నలుసులా ఉంది. ఎంత నలిపినా పోలేదు.

ఆదివారం మధ్యాహ్నం బయల్దేరేముందు, పెరటి మూల దండెం మీద తన షాపు ఏప్రన్ వేసి వచ్చింది. ఉతకలేదు. వారం నాటి చెమటా, తీగలకి రాసే మైనం వాసనా, జేబులో ఎప్పుడూ ఉండే బిస్కట్ల పొడీ అన్నీ దానిలోనే ఉన్నాయి. దండెం పందెం దారికి సరిగ్గా పక్కన. 'నేను లేకపోతేనేం, నా వాసన ఉంటుంది' అనుకుంది. గేటు వేసి సందు దాటింది.

*

సినిమాకి వెళ్ళలేదు. వెళ్ళి టికెట్ల దగ్గర నిలబడి, వరస కదలకముందే బయటికొచ్చింది. షాపు షట్టరు సగం ఎత్తి లోపల కూర్చుంది. ఒక బ్యాటు చేతిలోకి తీసుకుని, తీగల మీద గోటితో మీటి, పెట్టేసింది. బస్టాపులో రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కింది. ఒక స్టాపు వెళ్ళి దిగిపోయింది. కాలు కాలిన పిల్లిలా అలా తిరిగి తిరిగి, చివరికి తన కాళ్ళు తననెక్కడికి తీసుకెళ్తున్నాయో తనకి తెలియనట్టే నటిస్తూ, ఇంటి వెనక సందులోకి వచ్చింది.

పెరటి గేటు పాత చెక్కలది. రెండు చెక్కల మధ్య వేలు పట్టేంత సందు. అందులోంచి చూసింది.

పెరడంతా గోలగోలగా ఉంది. కుక్కలన్నిటికీ బనియన్లు, వీపు మీద అంకెలు. దంతవైద్యుడి కుక్క బనియను ఎప్పుడో చీల్చుకుని సగం నోట్లో పెట్టుకుంది. పుల్లలు దాటే పరుగులో ఒక్కటీ దాటలేదు, అన్నీ కిందనుంచి దూరి పోయాయి. కుందేలు మొదలుపెట్టిన చోటే కూర్చుని గడ్డి నములుతోంది. చిలక "ఎవరూ? ఎవరూ?" అని అరుస్తోంది. మెడలో ఈల వేసుకుని తమ్ముడు ఈ కొస నుంచి ఆ కొసకి పరుగులు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. నీళ్ళ తొట్టిలో కుక్కలకి బదులు ఒక పెద్దాయన కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

తీగలక్కకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ నవ్వులో తనకి వాటా లేదు.

పిలుపు పందెం మొదలైంది. దంతవైద్యుడు రెండు చేతులూ చాచి, "రారా నాన్నా!" అని వీధంతా వినబడేలా పిలిచాడు. ఆ కుక్క నాలుగంగల్లో మాంసం ముక్క దగ్గర ఆగి, అక్కడే పడుకుని భోజనం మొదలుపెట్టింది. "వీడు మన వాడు కాడండీ, హోటలు వాడు" అని ఆయన తనే అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఇంకో కుక్క బంతి ఎత్తుకుని ఇంట్లోకే పారిపోయింది.

బొంగరం వంతు వచ్చింది. తమ్ముడు ఆ కొసన మెడపట్టీ పట్టుకున్నాడు. మరదలు ఈ కొసకొచ్చి నిలబడింది. ఆమె మొహం ఇక్కడికి బాగా కనిపిస్తోంది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. నవ్వే జనం వేపు ఒకసారి చూసి, చెప్పులు విడిచి, నేల మీద కూర్చుంది. పక్కనున్న చెక్క పీటని దగ్గరికి లాక్కుంది.

తమ్ముడు వదిలాడు.

బొంగరం బాణంలా వచ్చింది. మాంసం దాటింది. బంతులు దాటింది. దండెం దగ్గరికి రాగానే ఆగిపోయింది. ఒక ముందు కాలు గాల్లోనే ఉంది. ముక్కు ఏప్రన్ వేపు లేచింది. తోక మెల్లిగా ఊగసాగింది.

తీగలక్క ఊపిరి బిగబట్టింది. పెదాలు వాటంతట అవే ఈలకి సిద్ధమైనట్టు గుండ్రంగా అయ్యాయి. కొంచెం గాలి వదిలితే చాలు. వదిలితే చాలు, అందరి ముందూ ఆ కుక్క ఈ గేటు మీదికి దూకుతుంది.

మరదలు పిలవలేదు. పేరు పెట్టలేదు, చిటికె వేయలేదు. పీట మీద వేలి కణుపులతో రెండుసార్లు కొట్టింది. టక్, టక్.

బొంగరం చెవులు ఇటు తిరిగాయి. ఏప్రన్ వేపు ఒక్కసారి చూసి, ఇంక ఆగలేదు. ఒక్క దూకులో వెళ్ళి మరదలి ఒళ్ళో పడింది. ఆమె వెల్లకిలా పడిపోయింది. దాని మెడలో మొహం దాచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఇక్కడికి తెలియడం లేదు. కుక్క లేచి గిర్రున తిరిగింది. ఆగి, మళ్ళీ తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు.

తీగలక్క గేటుకి నుదురు ఆనించింది. చెక్క వేడిగా ఉంది. ఆ చప్పుడేమిటో తనకి తెలియదు. తను స్నానం చేయించి, గిన్నె పెట్టి, పేలు తీసిన కుక్కకి, తనకి తెలియని మాట ఒకటి తెలుసు. ఇన్నేళ్ళూ తను పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చింది. గేటు దగ్గర ఎదురుచూసే కుక్కనే చూసింది. పగలంతా ఆ కుక్క ఎక్కడుంటుందో, ఎవరి దగ్గరుంటుందో ఒక్కనాడూ అనుకోలేదు.

చిలక మళ్ళీ "ఎవరూ?" అంది. బొంగరం గేటు వేపు తిరిగి మొరిగింది. వెళ్ళిపోదామని తీగలక్క అడుగు వేసేలోపే గేటు గడియ తీసిన చప్పుడైంది.

మరదలు. జుట్టు నిండా గడ్డి, బుగ్గ మీద మట్టి.

"ఎంతసేపట్నుంచి నిలబడ్డారు వదినా?"

"ఇప్పుడే."

"చూశారా?"

"చూశాను. ఏమిటా చప్పుడు?"

"అదా? కుడుతున్నంతసేపూ మిషను కింద నా కాళ్ళ దగ్గరే పడుకుంటాడు కదా. పని ముగించగానే కత్తెర పిడితో బల్ల మీద రెండుసార్లు కొడతాను. అంటే ఇంక లేచి తిరుగుదాం పద అని. వాడికది అలవాటు." ఆమె చీరకంటిన గడ్డి దులుపుకుంది. "పందేనికి పనికొస్తుందో రాదో నాకూ తెలీదు. నిన్నటి నుంచీ అన్నం సయించలేదు."

"నాకూ" అంది తీగలక్క.

ఇద్దరి మధ్యనుంచి బొంగరం దూరి, తీగలక్క చీర కుచ్చిళ్ళు వాసన చూసి, మళ్ళీ లోపలికి పరుగెత్తింది. మరదలు తల తిప్పి దండెం వేపు చూసింది.

"ఆ ఏప్రన్ నేను మధ్యాహ్నమే చూశాను."

తీగలక్క చెవులు వేడెక్కాయి. "ఆరేశాను."

"ఉతక్కుండానా?"

లోపల తమ్ముడు ఈల మీద ఈల వేస్తున్నాడు.

"తీసేద్దామని దగ్గరికెళ్ళాను. చెయ్యి కూడా వేశాను" అంది మరదలు. "తీయలేకపోయాను. అది తీసేసి గెలిస్తే ఇంట్లో వాళ్ళకి తెలియదు, వీధిలో వాళ్ళకి తెలియదు. నాకు తెలుస్తుందిగా. ఆయన చేత మిమ్మల్ని బయటికి పంపించిందే తప్పనిపించింది. పిలిచి ఉండమందామంటే మీరు అప్పటికే సందు దాటేశారు."

తీగలక్క ఇంతసేపూ ఆమెని తలుచుకుని ఎన్ని మాటలు పోగేసిందో, వాటిలో ఒక్కటీ ఇప్పుడు అక్కరకి రాలేదు. చేయి చాచి మరదలి జుట్టులోంచి గడ్డిపోచ తీసింది. ఇంకోటి తీసింది.

"మా మరదలు గెలిచిందని చప్పట్లు కూడా కొట్టలేదు నేను" అంది చివరికి.

"ఇప్పుడు కొట్టండి. లోపలికొచ్చి కొట్టండి. ఆ దంతవైద్యుడి భార్యకి వినబడేలా."

వెళ్ళింది. కొట్టింది. వచ్చినవాళ్ళకి పుచ్చకాయ ముక్కలు కోసి ఇచ్చింది, కుక్కలకి నీళ్ళు పట్టింది. ఎవరో అడిగితే షాపులో పని తగిలిందని చెప్పింది. మరదలు కూడా తల ఊపింది. తమ్ముడు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఏమీ అర్థంకాక, ఇంకో ఈల వేశాడు.

ఎండ తగ్గి, వీధివాళ్ళూ వాళ్ళ కుక్కలూ వెళ్ళిపోయాక, ఇద్దరూ కూర్చుని నేలలోంచి కాడలు పీకారు. లోతుకి దిగినవి ఊడడం లేదు. ఇద్దరూ కలిసి లాగారు.

"కోచ్‌గారు కొత్త షాపుకి వెళ్ళమంటున్నారు. పైన గదుందిట. అక్కడే ఉండాలి" అంది తీగలక్క, కాడకి అంటిన మట్టి దులుపుతూ.

మరదలి చేతులు ఆగిపోయాయి. "నా మీద కోపంతోనా?"

"మధ్యాహ్నం దాకా కోపమే. ఇప్పుడు కాదు."

"మీరు వెళ్తే వాడు తిండి మానేస్తాడు వదినా."

"మానడు. ఒక పూట అలుగుతాడేమో, అంతే. నువ్వు గిన్నె పెట్టు, పీట మీద రెండు దెబ్బలు కొట్టు." అని ఇంకో కాడ లాగింది.

"వాడి సంగతి సరే" అంది మరదలు. పీకిన కాడలన్నీ ఒకచోట పేర్చి, పాత చీర ముక్కతో గట్టిగా కట్ట కట్టింది.

సోమవారం పొద్దున షాపులో తీగలక్క ఒక బ్యాటుకి నిలువు తీగలు పూర్తిచేసి, అడ్డ తీగలు మొదలుపెట్టింది. కోచ్‌గారు వచ్చి, ఆవిడ చెంప మీద గీత మానిందో లేదో ఓరకంట చూసి, పేపరు విప్పాడు.

"కోచ్‌గారూ, ఆ పై గదికి కిటికీ ఉందా?"

పేపరు దిగింది. "కిటికీయా? ఉండే ఉంటుంది. మేస్త్రీ పెట్టే ఉంటాడు."

"ఏ వేపు?"

"ఎవరికి తెలుసమ్మా? ఇన్నాళ్ళూ నువ్వు గది మాటే ఎత్తలేదు, నేనూ చూడలేదు." పేపరు మడిచాడు. "పద, ఇప్పుడే వెళ్ళి చూద్దాం."

"ఆగండి. దీన్ని సగంలో వదిలేస్తే చట్రం వంకరపోతుంది" అంది తీగలక్క. ఒక తీగ మీదుగా, ఒక తీగ కిందుగా, తొందరపడకుండా నేసుకుంటూ పోయింది. ఆయన తాళాల గుత్తి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.